ఆముదపు గింజ

మా యింట ప్రతి సంవత్సరమును మాఘమాసమున వంటాముదము తీయుట వాడుక. అంగడిలో సీసాలతో దొరకుచుండగా ఈ శ్రమ యేల యని మిత్రులు మమ్ము పరిహసింతురు గాని, మా పినతల్లిగారు తమ కన్నులయెదుట వండని యాముదమును పసిబిడ్డల మాడుకు తాకనీయరు. గింజలు వచ్చినతోడనే వీధియరుగుమీద చాప పఱచి యెండబోయుదురు. ఎండినవానిని వేయించి, దంచి, నీటిలో నుడికించి, పైకి తేరిన నూనెను గరిటెతో దీసికొందురు. పల్లె నెఱిగిన చదువరులకు దీనిని వర్ణించి చెప్పనక్కఱలేదు.

ఈ సంవత్సరము ఆ చాపకడ నొక ప్రమాదము జరిగినది. మా యింట అంట్లు తోమి వాకిలి యూడ్చు మనిషికి ఆఱేండ్ల కొమారుడు గలడు. బడికి సెలవైన దినములందు తల్లివెంట వచ్చి అరుగుమీద గూర్చుండును. ఆనాడు తల్లి పెరటిలో పనిచేయుచుండగా వాడు గింజలను జూచెను. చూచి యాశపడుట బాలునియందు తప్పు గాదు. నున్నని పెంకు, దానిమీద గోధుమవన్నె చారలును చుక్కలును, కొనయందు చిన్న బుడిపె. అంత యందమైన గింజలు మన పంటలలో వేఱెవ్వియు లేవని మా యభిప్రాయము. వాడు కొన్నింటిని జేబులో వేసికొనెను. కొన్నింటిని నోట వేసికొనెను.

సాయంకాలమునకు వాంతులు పట్టుకొనెను. రాత్రి నెత్తురుతో విరేచనములయ్యెను. తెల్లవారుజామున తల్లి మా తలుపు తట్టగా, వానిని పట్టణములోని యాసుపత్రికి గొంపోయితిమి. అచ్చటి వైద్యుడు వాని జేబులోని గింజలను చేతిలో బోసికొని చూచి, "దీనికి విరుగుడు మందు లేదండీ. ఒంట్లో నీరు తగ్గకుండా సెలైను ఎక్కిస్తూ కనిపెట్టుకుని ఉండటమే మన పని" అనెను. పెంకు పగులకుండ మ్రింగిన గింజలు చాలవఱకు అట్లే బయటికి బోవుననియు, నమలినప్పుడే లోపలి విషము విడివడుననియు ఆయన చెప్పెను. ఇక మాకు లెక్కలే లెక్కలు. చాపమీద నెన్ని తగ్గినవి, జేబులో నెన్ని యుండెను, నమలిన వెన్ని, మ్రింగిన వెన్ని యని లెక్కించుచు మూడు రాత్రులు గడపితిమి. తల్లి మాత్రము లెక్కలేమియు వేయలేదు. మంచము క్రింద నేలమీద గూర్చుండి వాని పాదము పట్టుకొని యుండెను. నాలుగవనాటి యుదయమున వాడు ఇడ్డెన కావలెనని యడిగెను.

ఆ రాత్రి మా యింట భోజనములైన పిదప అందఱమును నడవలో గూర్చుంటిమి. మా పినతల్లిగారు దీర్ఘముగా నిట్టూర్చి, "వాడి నుదుట ఇంకా ఆయుర్దాయం వ్రాసి ఉంది నాయనా, గట్టెక్కాడు. మన చేతిలో ఏముంది?" అనిరి. మేము మాఱుపలుకలేదు. నిజము చెప్పవలయునన్న, ఆ మాట ఆ సమయమున మాకు హాయిగా నుండెను. తప్పు వ్రాతది యైనయెడల మనది కాదు గదా!

మా మేనకోడలు వృక్షశాస్త్రమున పరిశోధన చేయుచు అప్పుడు సెలవులకు వచ్చి యుండెను. ఆమె యిట్లనెను: "నుదుటి వ్రాత సంగతి నాకు తెలియదు అమ్మమ్మా. కాని ఆ విషానికి కూడా ఒక వ్రాత ఉంది. అది మాత్రం నాకు తెలుసు. ఎవరైనా చదవవచ్చు."

ఆమె చెప్పినదానిని మాకు బోధపడినంతవఱకు వ్రాయుచున్నాము. తప్పులున్న నవి మావి.

ఆముదపు గింజయందలి విషమునకు రిసిన్ అని పేరు. 1888వ సంవత్సరమున దోర్పాత్ విశ్వవిద్యాలయమున (నేటి ఎస్తోనియా దేశపు తార్తూ నగరమున) హెర్మన్ స్టిల్మార్క్ అను విద్యార్థి దానిని వేఱుపఱచి యా పేరు పెట్టెను. అది మాంసకృత్తు. ఈ మాట వినగానే మా పినతల్లిగారు "శివశివా, చెట్టులో మాంసమేమిటే!" యని చెవులు మూసికొనిరి. కందిపప్పులోను పెసరపప్పులోను ఉన్నవి మాంసకృత్తులే యని నచ్చజెప్పుటకు కొంతసేపు పట్టినది. ఈ పేరు పెట్టినవారు శాకాహారులను దలంచుకొనలేదు కాబోలు!

విషము నూనెలో గరగదు. కావుననే మన పూర్వులు ఆముదము త్రాగి బ్రతికిరి. పచ్చిగా నూనె పిండినయెడల విషము చెక్కలో నిలిచిపోవును. వండినయెడల వేడికి చెడిపోవును. అందుచేతనే ఆ చెక్కను పొలమునకు ఎరువుగా వేయుదురు గాని ఊరక పశువులకు బెట్టరు.

రిసిన్ రెండు తునుకలు గలది. ఒకదానియందు 267 అమైనో ఆమ్లములును, రెండవదానియందు 262ను గలవు. రెండవ తునుక మన కణముల వెలుపలి చక్కెరలను బట్టుకొని యతుకుకొనును. మొదటిది లోపల జొరబడి రైబోసోములను చెఱచును. రైబోసోములనగా కణమునందలి పనివాండ్రు. కేంద్రకమునుండి వచ్చిన యుత్తరువును జదివి, అమైనో ఆమ్లములను వరుసగా గ్రుచ్చి మాంసకృత్తులను దయారుచేయునవి యవియే. 1987వ సంవత్సరమున యేతా ఎందో అను జపాను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరుడును, రిసిన్ ఆ రైబోసోమునుండి ఒకే యొక్క ఎడెనీను ముక్కను త్రుంచునని కనుగొనిరి. అంతియే! ఆ చిన్నముక్క పోయిన రైబోసోము మఱల పనికిరాదు. ఒక్క రిసిన్ అణువు నిమిషమునకు వేయికి మించిన రైబోసోములను చెఱుపగలదు.

ఇది వినగానే మా కొక సందేహము కలిగినది. ఈ విషమును దయారుచేయునది ఆముదపు చెట్టు రైబోసోమే గదా! అవియును ఈ విషమునకు లొంగనివి కావట. అట్లైన తన చేతితో తానే చేసిన కత్తికి ఆ చెట్టు బలి కాకుండుట యెట్లు? ఈ ప్రశ్న మా యంతట మాకు దోచినందుకు మేము లోలోపల గర్వించితిమి. మేనకోడలు నవ్వి, "కథంతా అక్కడే ఉంది మామయ్యా" యనెను.

చెట్టుయొక్క కణమునందు వేలకొలది విధముల మాంసకృత్తులు గలవు. కొలదివానిని విడిచిన, తక్కినవన్నియు కణద్రవ్యమునందలి రైబోసోములయొద్దనే పుట్టుచున్నవి. పుట్టినచోటనే పనిచేయునవి కొన్ని. తక్కినవి హరితరేణువులకో, మైటోకాండ్రియములకో, కేంద్రకమునకో, రిక్తిక యను పెద్ద నిలువగదికో, కణము వెలుపలికో పోవలయును. ఈ గదుల చుట్టును కొవ్వుతో నేర్పడిన పొరలు గలవు. ఊరక త్రోసికొని లోపలికి బోవుటకు వీలులేదు. ఇన్ని వేలలో దేనిని ఎచ్చటికి బంపవలయునో నిర్ణయించునది యెవరు? మన తపాలా కచ్చేరిలోవలె చిరునామాను జదువువారు ఉన్నారు. చిరునామా మాత్రము ఆ మాంసకృత్తు దేహమునందే, అమైనో ఆమ్లముల వరుసగా, వ్రాయబడి యుండును.

గుంటర్ బ్లోబెల్ అను నాయన డేవిడ్ సబతినితో గలిసి 1971లో దీనిని ఊహగా బ్రకటించెను. డాబర్‌స్టైనుతో గలిసి 1975లో ప్రయోగములచే జూపెను. 1999లో ఆయనకు నోబెలు బహుమానము వచ్చినది. బాల్యమున తాను చూచిన డ్రెస్డెన్ నగరము 1945లో బాంబులచే గాలిపోయినది. బహుమానపు ధనములో నించుమించు అంతయు ఆయన ఆ నగరమునందలి దేవాలయపు పునర్నిర్మాణమునకును, యూదుల ప్రార్థనామందిరమునకును ఇచ్చివేసెను. ఇది మన విషయమునకు జెందినది కాదు. అయినను విని యూరకుండలేక వ్రాసితిమి.

రిసిన్ పుట్టుచుండగనే దాని మొదటి కొనయందలి చిరునామాను ఒక దూత పట్టుకొనును. రైబోసోమును ఉన్నపాటున అంతర్జీవద్రవ్య జాలకమను పొరల గొట్టములయొద్దకు గొనిపోవును. అచ్చటి రంధ్రముగుండ రిసిన్ దారమువలె లోపలికి దిగుచుండగా ఆ కొనను త్రెంపివేయుదురు. ఇప్పుడు విషము పొర కావలిది, రైబోసోములు ఈవలివి. అంతటితో భయము తీరలేదు. అందుచేత ఆ చెట్టు మఱియొక జాగ్రత్త చేసినది. రిసిన్‌ను రెండు తునుకలుగా గాక, నడుమ 12 అమైనో ఆమ్లముల ముడివేసి, ఒకే పోగుగా నేయుచున్నది. ఆ ముడి యున్నంతవఱకు విషము రైబోసోములను చెఱుపజాలదు. కత్తి యొరలోనే యుండి ప్రయాణము చేయుచున్నదన్నమాట.

ఈ ముడికి రెండవ పనియు గలదు. జాలకమునుండి గాల్జీ సంక్లిష్టమునకు, అచ్చటినుండి ముందునకు బోవునప్పుడు, "ఇది రిక్తికకు జేరవలసినది" యని తెలుపు గుఱుతు ఆ 12టిలోనే యున్నది. శాస్త్రజ్ఞులు పొగాకు కణములలో రిసిన్‌ను పుట్టించి చూచిరి. ముడియున్నది రిక్తికకు జేరినది. గుఱుతును చెఱిపినది రిక్తికకు బోక కణము వెలుపలికి బోయినది. ఈ దారిని బడిన మాంసకృత్తు చిరునామా లేనిదైన వాకిలి బయటికే పోవునట. మన చిలగడదుంపలోని స్పోరమిన్ అను మాంసకృత్తుకును ఇట్టిదే గుఱుతు గలదు. అది తీసివేసిన అదియు వెలుపలికే పోవును.

రిక్తికలో జేరిన పిమ్మట అచ్చటి యొక కత్తెర ఆ ముడిని త్రెంచును. అప్పుడుగాని విషము విషము కాదు. కాని యప్పటికి అది తాళము పడిన గదిలో నున్నది. గింజ మొలకెత్తునప్పుడు అదే విషము ముక్కలై లేతమొక్కకు ఆహారమగును! మన బాలునికి ప్రాణాంతకమైనది ఆ చెట్టు బిడ్డకు పాలబువ్వ.

నమలినప్పుడు ఏమైనదో వేఱుగ జెప్పనక్కఱలేదు. గదులన్నియు ఒక్కసారిగా బ్రద్దలైనవి. అయితే మఱియొక విచిత్రము గలదు. మన పేగుల కణములలో బ్రవేశించిన రిసిన్, తాను చెట్టులో నడచివచ్చిన దారినే వెనుకకు నడచును. కణము వెలుపలినుండి గాల్జీకి, గాల్జీనుండి జాలకమునకు బోవును. చెడిపోయిన మాంసకృత్తులను బయటికి బాఱవేయుటకు జాలకమునకు దొడ్డిదారి యొకటి గలదు. విషము ఆ దారిని జాఱి రైబోసోములమీద బడును. ఆసుపత్రిలో ఆ పసివాడు మూల్గుచుండినప్పుడు వాని కడుపులో జరిగినది ఇదియే. ఈ సంగతి విన్న రాత్రి మాకు నిద్ర పట్టలేదు.

సంభాషణము తఱువాత అన్నమువఱకు బోయినది. వరిగింజయందు రెండు విధముల నిలువ మాంసకృత్తులు ముఖ్యములు. గ్లూటెలినులు గాల్జీ మీదుగా రిక్తికకు బోవును. ప్రోలమినులు జాలకమును దాటక అచ్చటనే ముద్దకట్టి నిలిచిపోవును. ఒకే గింజ, ఒకే కణము, రెండు నివాసములు. ఆ ప్రోలమిను ముద్దలు మన కడుపులో అంత సులభముగా జీర్ణము కావట. మనము నిత్యము తిను ముద్దలో ఇంత యేర్పాటు గలదని యెవరు తలంచిరి?

హరితరేణువుల మాట మఱియొక తీరు. వానిలో రమారమి మూడువేల మాంసకృత్తులు గలవు; నూటికి తొంబదియైదు వెలుపల పుట్టి లోపలికి వచ్చినవే. చుట్టలు విప్పి, దారమువలె సాగి, రెండు పొరల ద్వారములు దాటి లోపలికి బోయిన పిదప చిరునామా కత్తిరింపబడును. దీనికి వలయు శక్తి నిచ్చునది ఏ.టి.పి. అను పదార్థము. దానిని 1929లో జర్మనీలో లోమానును, అదే సంవత్సరమున అమెరికాలో ఫిస్కును, మన భీమవరమున జన్మించిన యెల్లాప్రగడ సుబ్బారావుగారును వేఱువేఱుగ గనుగొనిరి. మా పినతల్లిగారు ఈ యొక్క మాటకు మాత్రము సంతోషించి, "మన గోదావరి వాడేనా!" యనిరి.

ఆ సంతోషములోనే వారు అసలు మాటకు వచ్చిరి. "చూశావా నాయనా, పుట్టుకతోనే ఏది ఎక్కడుండాలో రాసిపెట్టి ఉంది. చెట్టులోనే అంత కట్టుబాటుంటే మనుషులకు వద్దా? మీరే సంస్కరణలంటూ అన్నీ కలగాపులగం చేస్తారు."

మేము ఇట్టి వాదములకు అలవాటుపడినవారము. తోడనే మేనకోడలివైపు దిరిగి, పుట్టుకతో సంబంధము లేక చిరునామా మాత్రము చాలునని చూపు ప్రయోగమేదైన గలదా యని యడిగితిమి. ఉన్నవి. 1985లో హరితరేణువునకు బోవు చిరునామాను ఒక బాక్టీరియపు మాంసకృత్తుకు తగిలించి చూడగా, ఏ జన్మమునను చెట్టు మొగమెఱుగని యా పరదేశిని హరితరేణువు తనవానివలె లోపలికి గైకొనినది. మిణుగురుపురుగు దీపమునకు గారణమైన మాంసకృత్తు చివర మూడు అమైనో ఆమ్లముల తోక గలదు. దానినిబట్టి అది పెరాక్సిసోమను గదికి బోవునని సురేశ్ సుబ్రమణిగారును వారి సహచరులును కనుగొనిరి. ఆ మిణుగురు మాంసకృత్తునే పొగాకు మొక్కలో పుట్టించిన, మొక్కయును దానిని పెరాక్సిసోములకే చేర్చినది. అట్టి గది జాతి యొకటి, ఆముదపు గింజలోని నూనెను చక్కెరగా మార్చునది, 1967లో బీవర్సు, బ్రైడెన్‌బాక్ అనువారికి మొదట దొరకినది ఆముదపు గింజలోనేయట.

మేము విజయగర్వముతో, "పిన్నీ, విన్నావా! పురుగు సొత్తు కూడ మొక్కలో చెల్లుబాటయింది. ఇక పుట్టుక మాట ఎక్కడిది?" అంటిమి. పినతల్లిగారు మొగము త్రిప్పుకొనిరి. మేనకోడలు మాత్రము మా పక్షమునకు రాలేదు.

"మామయ్యా, మీరూ అదే పని చేస్తున్నారు. అమ్మమ్మకు కావలసింది అమ్మమ్మ తీసుకుంది, మీకు కావలసింది మీరు తీసుకున్నారు. కణానికి న్యాయమూ తెలియదు, అన్యాయమూ తెలియదు. సరిగ్గా మడత పడని మాంసకృత్తును పట్టుకుని ముక్కలు చేస్తుంది కణం. రేపు దాన్ని చూపించి ఎవరైనా వికలాంగులను గురించి మాట్లాడితే ఏమంటారు?"

మాకు సమాధానము తోచలేదు. ఆమె గొంతు తగ్గించి, "నేను ఇంతసేపూ అడగాలనుకున్నది వేఱు. మన పిల్లలు ఆ రోజు ఎక్కడ ఆడుకున్నారు?" అని యడిగెను.

మా మనుమలు ఆ దినమున నడవలో, పంకా క్రింద, బొమ్మలతో నాడుకొనుచుండిరి. ఆ బాలుడు అరుగుమీద నుండెను. సెలవు దినములందెల్ల వాడు అరుగుమీదనే యుండును. లోపలికి రమ్మని వాని నెవరును పిలువరు; రావలదనియు నెవరును జెప్పలేదు. వానికి బెట్టు ఫలహారము అరుగుమీదికే వచ్చును. మా పినతల్లిగారి పట్టుదల యనియు, పెద్దవారిని నొప్పింపరాదనియు, కాలక్రమమున అదియే సర్దుకొనుననియు మేము ఇన్నేండ్లును సమాధానపడితిమి. అస్పృశ్యతనుగూర్చి సభలలో మాటలాడితిమి, వ్యాసములు వ్రాసితిమి. మా వ్యాసములు చదివి ఉత్తరములు వ్రాసినవారును గలరు. అరుగు మాత్రము అట్లే యున్నది. దానిమీద ఒకవైపున గింజలు, ఒకవైపున బాలుడు. ఆ చోటు వానికి ఏ నుదుటను వ్రాయబడలేదు. మేము వ్రాసితిమి.

ఆసుపత్రినుండి వచ్చిన పిదప వాని తల్లి మా యింటికి పనికి రాలేదు. మూడవ మనిషిచేత కబురు పంపితిమి, జవాబు లేదు. జీతము పంపితిమి, పనిచేసిన దినములకు సరిపడు రూకలను ఉంచుకొని మిగిలినవి త్రిప్పి పంపినది. పదిదినములు గడచినతరువాత మేమును మేనకోడలును వారి యింటికి బోతిమి. మా వీధికి అరమైలు దూరమైనను మేము ఇంతకుముందు ఎన్నడును బోయినవారము కాము.

ఆమె మమ్ము జూచి లేచి నిలిచి, కొంగుతో చేతులు తుడుచుకొని, ఇంటిముందఱి వేపచెట్టు క్రింద మంచము వాల్చి కూర్చుండుమనెను. లోపలికి రమ్మనలేదు. మేము చెప్పదలచిన మాటలు దారి పొడవునను సిద్ధపఱచుకొంటిమి గాని, "తప్పు మాదేనమ్మా" యను నొక్కటి తప్ప నోటికి రాలేదు. "అయిందేదో అయింది బాబుగారూ" యని యామె యూరకుండెను. కొంతసేపటికి లోపలినుండి ఒక చెంబుతో నీళ్లు తెచ్చి మంచము కోడు ప్రక్క నుంచినది. మేము త్రాగితిమి.

బాలుడు గడపమీద నిలుచుండి చూచుచుండెను. చాల చిక్కిపోయెను. మేనకోడలు రమ్మని పిలువగా తల్లివంక జూచి, రాలేదు. "ఆ గింజలు మళ్లీ తింటావా?" యని యామె నవ్వుచు నడుగగా తల యడ్డముగా ద్రిప్పి, కొంచెము సేపాగి, "మీ ఇంట్లో పిల్లలు తినలేదా?" యని యడిగెను. అక్కడనే యున్న తల్లి వానిని గసరి లోపలికి బంపివేసినది.